విద్యార్థుల మాదకద్రవ్య సర్వేకు ఏ నిధి మేలు?

అమెరికాలో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) తన విద్యార్థుల్లో మద్యం, వేపింగ్ (ఈ-సిగరెట్లు), గంజాయి, మాత్రల వాడకం ఎంత ఉందో తెలుసుకోవాలంటే ప్రశ్నావళి కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. ఫెడరల్ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 1991 నుంచి నడుపుతున్న యువత ప్రమాదకర ప్రవర్తనల సర్వే ప్రశ్నలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఖర్చంతా నిర్వహణకు, జవాబులను క్రోడీకరించి నివేదిక తయారు చేయించడానికి అవుతుంది. ఆ ఖర్చుకు నిధి వెతికేవారు ఎంత వస్తుందన్నదానికంటే ఏ షరతుతో వస్తుందన్నది ముందు చూసుకోవడం మంచిది.

అందరికీ మొదట తట్టేది ఫెడరల్ విద్యాశాఖ ఇచ్చే టైటిల్ ఫోర్, పార్ట్ ఏ నిధి. ఇది ముందే నిర్ణయించిన లెక్క ప్రకారం పంపిణీ అవుతుంది కనుక పోటీ పడాల్సిన పని లేదు. 30,000 డాలర్లు, అంతకు మించి అందుకునే డిస్ట్రిక్ట్ అందులో కనీసం 20 శాతం విద్యార్థుల ఆరోగ్యం, భద్రతలపై వెచ్చించాలి. అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. విద్యార్థి హక్కుల రక్షణ సవరణ ప్రకారం, విద్యాశాఖ డబ్బుతో జరిగే సర్వేలో చట్టవిరుద్ధ ప్రవర్తన గురించిన ప్రశ్నలుండి, అందులో పాల్గొనడం తప్పనిసరైతే, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ముందుగా ఉండాలి. ఇతర నిధులతో చేసే సర్వేకు ముందస్తు సమాచారమిచ్చి, వద్దనుకున్నవారు తప్పుకొనే వీలు కల్పిస్తే ఫెడరల్ చట్టానికి సరిపోతుంది, కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇంకా కఠినంగా ఉన్నా. అనుమతి పత్రం సంతకంతో తిరిగి రావడం కన్నా పిల్లల సంచి అడుగున నలిగిపోవడమే ఎక్కువ. సీడీసీ సర్వేలో చాలాకాలం 60 శాతం ప్రతిస్పందనను ప్రమాణంగా పాటించారు. అంతకు తగ్గితే ఆ ఫలితాలను విద్యార్థులందరికీ వర్తింపజేయలేదు.

రెండోది డ్రగ్ ఫ్రీ కమ్యూనిటీస్ గ్రాంటు, యువతలో మాదకద్రవ్యాల వాడకాన్ని అరికట్టే స్థానిక కూటములకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది. ఏడాదికి గరిష్ఠంగా 1,25,000 డాలర్లు, ఐదేళ్ల పాటు, మరోసారి గెలిస్తే మొత్తం పదేళ్లు. గత 30 రోజుల వాడకం, ప్రమాదంపై అవగాహన, తల్లిదండ్రుల, తోటివారి అసమ్మతి గురించిన గణాంకాలను రెండేళ్లకోసారి సమర్పించాలన్న నియమం ఉన్నందున ఇక్కడ సర్వే అదనపు ఖర్చుగా కాక గ్రాంటులో భాగంగానే జరిగిపోతుంది. కానీ డబ్బు బడికి రాదు. పన్నెండు రంగాల ప్రతినిధులున్న స్థానిక కూటమికి వస్తుంది. ఆ కూటమి ప్రతి డాలరుకూ కనీసం మరో డాలరు విలువైన స్థానిక వాటా చూపించాలి. చురుకైన కూటమి ఉన్న చోట దీనికి మించిన దారి నాకు కనబడదు. లేని చోట సర్వే కోసమే కూటమి కట్టబోవడం వృథా ప్రయాస.

అప్పుడు రాష్ట్రాన్ని అడగాలి. మాదకద్రవ్యాల నివారణ, చికిత్సల కోసం రాష్ట్రాలకు వచ్చే ఫెడరల్ బ్లాక్ గ్రాంటులో కనీసం 20 శాతాన్ని ప్రతి రాష్ట్రమూ ప్రాథమిక నివారణకు, అంటే వాడకం మొదలు కాకుండా చూడడానికి, కేటాయించాలి. కొన్ని రాష్ట్రాలు స్వయంగా సర్వే జరిపి డిస్ట్రిక్ట్‌లకు ఫలితాలు ఇస్తాయి కూడా. ప్రశ్నలు మార్చుకొనే స్వేచ్ఛ మాత్రం తక్కువ. ఓపియాయిడ్ నొప్పి మందుల కంపెనీలు దావాల్లో రాజీపడి చెల్లించే పరిహారపు సొమ్ము ఒకసారి పనికొస్తుందేమో గానీ, రెండేళ్లకోసారి జరగాల్సిన పనికి దాన్నే నమ్ముకోలేం.

ఏ దరఖాస్తుకైనా ముందు రాష్ట్ర నివారణ విభాగానికి ఫోన్ చేసి, ఆ ఏడాది తమ బడుల్లో సర్వే ఇప్పటికే ఖరారైందేమో కనుక్కోవాలి. ఒకే ఏడాది రెండు సర్వేలంటే ప్రిన్సిపాళ్లు రెండోదానికి తరగతి సమయం ఇవ్వరు.