మోడ్స్ సాధనకు ఏ బ్యాకింగ్ ట్రాక్ మేలు?

మోడ్ అంటే అవే ఏడు స్వరాలను వేరే ఆధార స్వరం చుట్టూ వాయించే పద్ధతి, డోరియన్ అలాంటిదే ఒకటి. డి డోరియన్ అని పేరున్న ఒక బ్యాకింగ్ ట్రాక్ (సోలోకు వెనక మోగే రికార్డింగ్) మీద నేను మూడు నెలలు గిటార్ వాయించాను. వేళ్లు బాగానే తిరిగేవి, కానీ ప్రతి ఫ్రేజూ చివరికి సి మీదకే వెళ్లి వాలేది. ఒక రోజు ఆ ట్రాక్‌లో వస్తున్న కార్డ్స్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) కాగితం మీద రాసి చూశాను: డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. అంటే అది అచ్చంగా సి మేజర్, ఆధార స్వరం డి కాదు, సి. రెండింటిలోనూ అవే ఏడు స్వరాలు కాబట్టి ఎక్కడా అపస్వరం పలకలేదు, అందుకే ఇన్నాళ్లూ పట్టుకోలేకపోయాను.

అప్పటినుంచి ట్రాక్ ఎంచుకునేటప్పుడు రెండే చూస్తాను. ఆధార స్వరం కదలకుండా నిలబడుతోందా? ఆ మోడ్‌కు గుర్తుగా ఉండే స్వరం కార్డ్స్‌లో వినిపిస్తోందా? డి డోరియన్‌కు ఆ గుర్తు బి. డి మైనర్ సెవెన్, జి సెవెన్ మధ్యే తిరిగితే బి స్పష్టంగా వినిపిస్తుంది. సి లిడియన్‌కు సి, డి మేజర్ కార్డ్స్ చాలు, అందులోని ఎఫ్ షార్ప్ పని చేస్తుంది. జి మిక్సోలిడియన్‌కు జి, ఎఫ్ మేజర్లు. ఇ ఫ్రిజియన్‌కు ఇ మైనర్, ఎఫ్ మేజర్.

యూట్యూబ్‌లో ట్రాక్స్‌కు కొరత లేదు. డ్రమ్స్, బేస్ నిండుగా ఉంటాయి, ఉత్సాహం వస్తుంది. వేగం 0.75కి తగ్గించినా శృతి మారదు. కానీ స్థాయి (కీ, అంటే ఆధార శృతి) మార్చుకోవడానికి అక్కడ వీలుండదు, పైగా పేరును నమ్మలేం. నేను చేసే పరీక్ష ఇది: గిటార్ పక్కన పెట్టి ఒక నిమిషం వింటాను, ట్రాక్ ఆపి, నోటికి సహజంగా వచ్చే స్వరాన్ని కూనిరాగంగా తీస్తాను. అది పేరులో చెప్పిన స్వరం కాకపోతే ఆ ట్రాక్ వదిలేస్తాను.

కార్డ్స్ రాసిస్తే వాయించి పెట్టే ఐరియల్ ప్రో లాంటి యాప్‌లో వాటిని మనమే రాసుకుంటాం కాబట్టి ఈ మోసం ఉండదు. పన్నెండు స్థాయిల్లో ఏదైనా, ఏ టెంపో అయినా పెట్టుకోవచ్చు. పియానో మ్యూట్ చేసి బేస్, డ్రమ్స్ మాత్రమే ఉంచితే సోలోకు బోలెడు చోటు దొరుకుతుంది. శబ్దం కాస్త యాంత్రికంగా ఉంటుంది, ఒప్పుకోవాలి. మోడ్ మధ్యలో మారే సాధనకు మాత్రం దీన్ని మించింది నాకు దొరకలేదు. జాజ్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన 'సో వాట్' చట్రమే తీసుకోండి: 16 బార్లు (తాళపు ఆవర్తాలు) డి డోరియన్, 8 బార్లు ఇ ఫ్లాట్ డోరియన్, మళ్లీ 8 బార్లు డి డోరియన్. యాప్‌లో ఐదు నిమిషాల్లో రాసేయవచ్చు. ఒక్క ఫ్రెట్ పైకి జరగడమే కదా అనిపిస్తుంది, ఫ్రేజ్ మధ్యలో జరగాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది కష్టం.

లూపర్ పెడల్ విషయంలో నా పక్షపాతం దాచను. బాస్ ఆర్‌సీ-1 అయినా, టీసీ ఎలక్ట్రానిక్ డిట్టో అయినా పని ఒకటే: రెండు కార్డ్స్ వాయించి, మొదటి బీట్ మీద సరిగ్గా తొక్కి, దాని మీద సోలో వాయించడం. మొదట్లో లూప్ చివర తడబడుతుంది, తాళం గట్టిపడాల్సిందే. డ్రమ్స్ కూడా ఉండవు. అయినా జి సెవెన్ కార్డ్‌లో బి ఏ తీగ మీద ఉందో నా వేలికి ముందే తెలిసిపోతుంది కాబట్టి, సోలోలో దాన్ని వెతుక్కోవాల్సిన పని ఉండదు. వేరేవాళ్ల ట్రాక్ మీద ఎన్ని గంటలు వాయించినా నాకు ఇది రాలేదు.

ఇక తంబురా యాప్. దాన్ని డి శృతిలో పెట్టి డోరియన్ వాయించండి, తర్వాత బిని అర స్వరం తగ్గించి బి ఫ్లాట్ చేయండి. ఆ ఒక్క స్వరంతో డోరియన్ పోయి ఏయోలియన్ వస్తుంది. ఖరహరప్రియ నటభైరవి అయిపోవడం ఇదే, మన చెవికి ఈ తేడా కొత్తేమీ కాదు. లిడియన్‌తో మొదలుపెట్టి అయోనియన్, మిక్సోలిడియన్, డోరియన్, ఏయోలియన్, ఫ్రిజియన్, లోక్రియన్ వరకు ఒక్కో మెట్టుకు ఒక్కో స్వరాన్ని ఇలాగే అర స్వరం కిందికి దించుతూ రావచ్చు. లోక్రియన్‌కు పంచమం కుదరదు, అప్పుడు షడ్జం ఒక్కటే మోగనివ్వాలి. కార్డ్స్ మారేటప్పుడు ఎలా వాయించాలో తంబురా నేర్పదు, లయ కూడా ఇవ్వదు.

మోడ్స్ ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లకు తంబురా, లూపర్ రెండూ చాలని నా అభిప్రాయం. ఏ మోడ్ రంగు ఏదో చెవికి పట్టుబడ్డాక యాప్‌కు వెళ్లండి. యూట్యూబ్ ట్రాక్స్ సరదాగా వాయించుకోవడానికి ఉంచుకోండి. ఆ పాత ట్రాక్‌లోని మూడో కార్డ్ తీసేసి, మొదటి రెండింటినే ఇప్పుడు లూపర్‌లో పెట్టుకుంటున్నాను. ఫ్రేజులు డి మీద ఆగుతున్నాయి.