మూడు స్టేజీల ట్రాలీ జాకీ: ఏళ్ల వాడకం తర్వాత

2018లో కొన్న జాకీ ఇప్పటికీ నా ట్రాలీ కిందే ఉంది. ట్రాక్టర్ ట్రాలీ తొట్టిని ఆయిల్ ప్రెషర్‌తో ఎత్తి సరుకు పోయించేది ఇదే. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు గొట్టాలు వరసగా బయటికొస్తాయి, అందుకే మూడు స్టేజీలు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల బండల క్వారీల్లో రాతి వేస్టు, కంకర, అప్పుడప్పుడు ఇసుక తోలుతుంటాను. మొత్తం మీద మంచి వస్తువే. దుకాణంలో చెప్పే 'పది టన్నుల జాకీ' అన్న మాటను మాత్రం పట్టించుకోవద్దు.

టన్నులు జాకీ ఒక్కదానివే కావు. ఆయిల్ ప్రెషర్ ఎంత, అది తోసే గొట్టం వెడల్పు ఎంత అన్నదే లెక్క. నా జాకీలో మొదట లేచే గొట్టం బయటి కొలత 110 మిల్లీమీటర్లు, చివరిది 70. ట్రాక్టర్ పంపు 150 బార్ల ప్రెషర్ ఇస్తే మొదటిది 14 టన్నుల పైన తోస్తుంది, చివరిది ఆరు టన్నుల లోపే. పంపు ఇచ్చే ఆయిల్ మారదు కాబట్టి చివరి స్టేజీ రెండున్నర రెట్లు వేగంగా లేస్తుంది. లోడు ఎక్కువ బరువు పడేది ట్రాలీ తొట్టి చాసిస్ మీది నుంచి లేచేటప్పుడే, అప్పుడు పని చేసేది పెద్ద గొట్టం. సరుకు జారడం మొదలయ్యాక చిన్నది సరిపోతుంది. తడి మట్టి ట్రాలీకి అంటుకుని జారకపోతేనే చివర్లో ఇంజను మూలుగుతుంది.

ఇక అసలు సంగతి సీళ్లు. ఒక్కో గొట్టం బయటికొచ్చే మూతి దగ్గర మూడు భాగాలుంటాయి: గొట్టాన్ని నిటారుగా పట్టే బుష్, ఆయిల్‌ను ఆపే సీలు, అన్నిటికన్నా బయట వైపర్. గొట్టం లోపలికి పోయేటప్పుడు దానికంటిన దుమ్మును గీకి బయటే ఆపేది వైపరే. మన దగ్గర సున్నపురాయి దుమ్ముకు ముందు అరిగేది అదే. వైపర్ పోతే దుమ్ము లోపలి సీలును కోస్తుంది, గొట్టం మీది క్రోమ్ పూతను గీరుతుంది. ఆ పూత మందం వెంట్రుకలో సగం కూడా ఉండదు. పూత లేచిన చోట తుప్పు పడితే ఎన్ని కొత్త సీళ్లు వేసినా నిలవవు. నా జాకీ సీళ్లు మార్పించాక ఇప్పటికీ పొడిగా ఉందంటే కారణం ఒకటే, సాయంత్రం ట్రాలీ దించేముందు గుడ్డతో గొట్టాలు తుడుస్తాను.

మధ్యలో ఒక తలనొప్పి వచ్చింది. ఎత్తిన ట్రాలీ తనంతట తానే మెల్లగా దిగడం మొదలైంది. మెకానిక్ చూడకుండానే 'జాకీ సీళ్లు పోయాయన్నా, విప్పుదాం' అన్నాడు. ఆయిల్ ఒక్క వైపు నుంచే తోసే ఈ రకం జాకీలో ఆయిల్ పోవడానికి రెండే దారులు: సీలు దాటి బయటికి, లేదా వచ్చిన పైపులోంచే వెనక్కి. బయట చుక్క ఆయిల్ లేదు. పైపు మధ్యలో ఒక బాల్ వాల్వు పెట్టించి మూసి చూస్తే ట్రాలీ కదల్లేదు. లోపం ట్రాక్టర్ లివర్ దగ్గరి వాల్వులో ఉంది. జేసీబీ సిలిండర్ అయితే కథ వేరు. దాంట్లో పిస్టన్‌కు రెండు వైపులా ఆయిల్ ఉంటుంది కాబట్టి బయటికి కనిపించకుండా లోపలే జారిపోవచ్చు.

ఎవరి ట్రాలీ పడితే వాళ్ల ట్రాలీ తగిలించే అలవాటుంటే క్విక్ కప్లర్లకు, అంటే ట్రాలీ పైపును ట్రాక్టర్‌కు తగిలించే మూతులకు, మూత తప్పనిసరి. లేకపోతే వాటికంటిన దుమ్మంతా ట్రాక్టర్ వెనక ఆయిల్ ఉండే పెట్టెలోకే పోతుంది. జాకీ పూర్తిగా లేస్తే ఆ పెట్టెలోంచి ఏడెనిమిది లీటర్ల ఆయిల్ ఇటు వస్తుంది, లెవెల్ తక్కువుంటే పంపు గాలి పీల్చి జాకీ వణుకుతుంది.

నల్లరేగడిలో ఒక చక్రం దిగబడితే మాత్రం ఎత్తకండి. జాకీ నిలువుగా తోయడానికే గానీ పక్కబరువు మోయడానికి కాదు. మా పక్కూరి ట్రాలీకి అలాగే లోపలి గొట్టం వంగింది, దాన్ని బాగుచేసేవాళ్లు లేరు. ఎత్తిన ట్రాలీ కిందికి దూరాల్సొస్తే ఇనుప దిమ్మె పెట్టకుండా దూరకండి, పైపు పగిలితే పక్కకు తప్పుకునే టైముండదు.

ఇంకోటి కొనాల్సొస్తే మళ్లీ మూడు స్టేజీలదే తీసుకుంటాను. కొనేముందు సీల్ కిట్ సైజు రాయించుకుని, అది ప్రొద్దుటూరులో దొరుకుతుందో లేదో కనుక్కుంటాను.