జాగ్రత్త: "161 ఎపిసోడ్లు, 3 డిస్కులు" టామ్ అండ్ జెర్రీ డీవీడీ సెట్

"టామ్ అండ్ జెర్రీ కంప్లీట్, 161 ఎపిసోడ్లు, 3 డిస్కులు, ఒరిజినల్" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న సెట్ ఒకటి తెప్పించి చూశాం. కొనకండి. అట్ట మీద ప్రింటు ధగధగలాడుతోంది, లోపల సరుకు మాత్రం నకిలీ.

161 అన్న అంకెలో తప్పు లేదు, అందుకే నమ్మబుద్ధేస్తుంది. హాలీవుడ్ స్టూడియో ఎంజీఎంలో హన్నా, బార్బెరా 1940 నుంచి 1958 దాకా తీసినవి 114. ప్రాగ్‌లో జీన్ డైచ్ 1961-62లో తీసినవి 13. చక్ జోన్స్ 1963-67 మధ్య తీసినవి 34. తేడా అంతా డిస్కుల లెక్కలో ఉంది. ఒక్కోటి ఏడు నిమిషాలనుకున్నా మొత్తం దాదాపు 19 గంటలు. మూడింటికి పంచితే డిస్కుకి ఆరు గంటల పైమాటే. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ, అంటే ఓ రెండు గంటల సినిమా శుభ్రంగా పడుతుంది. అందులో ఆరు గంటలు కుక్కితే బిట్‌రేటు, అంటే ఒక్కో సెకను బొమ్మకి దక్కే డేటా, 1.6 మెగాబిట్ల దగ్గరికి పడిపోతుంది. టామ్ నిలబడి ఉన్నంతసేపూ బొమ్మ బాగానే ఉంటుంది, పరుగు అందుకోగానే ఒళ్లంతా గళ్లు గళ్లుగా విడిపోతుంది. అమ్మేవాళ్లు పెట్టే ఫొటోలన్నీ నిలబడ్డ టామ్‌వే!

ఇంతా చేసి 161 ఉన్నాయా అంటే, అవీ లేవు. రెండో డిస్కులో చాలావరకు 1975 నాటి టీవీ షో నింపారు. జెర్రీ మెడలో ఎర్ర బో టై ఉండి, టామ్‌తో దోస్తీగా తిరుగుతుంటే అది ఆ షోనే. వెంటపడటం, కొట్టుకోవడం ఏమీ ఉండవు. కొన్నిటికి పేరు మార్చి మళ్లీ పెట్టారు. కుడివైపు పైమూలలో మసక మచ్చ కనిపిస్తోందంటే, టీవీలో వచ్చినప్పుడు రికార్డు చేసి ఛానెల్ లోగోని చెరిపారన్నమాట.

1954 నుంచి వచ్చిన సినిమాస్కోప్ కార్టూన్లకి ఇంకో దెబ్బ. 'పెట్ పీవ్', 'మజిల్ బీచ్ టామ్' లాంటివి ఎత్తుకి రెండింతల పైగా వెడల్పుతో తీశారు. వాటిని పాత టీవీ చతురస్రంలోకి కోసేస్తే దాదాపు సగం బొమ్మ పోతుంది. తరిమేవాడు కనిపిస్తే పారిపోయేవాడు కనిపించడు. కోయకుండా నొక్కేస్తే టామ్ తాటిచెట్టులా సన్నగా, పొడుగ్గా తయారవుతాడు.

"అన్‌కట్" అన్న మాటనీ పట్టించుకోకండి. అమెరికాలో 2004, 2005, 2007ల్లో వచ్చిన అసలు స్పాట్‌లైట్ కలెక్షన్ సెట్లలోనే 'మౌస్ క్లీనింగ్', 'కాసనోవా క్యాట్' వదిలేశారు. ఆ సెట్ల పేరు అట్ట మీద వేసి "114 పూర్తిగా" అంటే అబద్ధమే. "తెలుగు డబ్బింగ్" అన్నది మరీ విడ్డూరం. మాటలే అంతంతమాత్రం, టామ్ పెట్టే కేక విలియం హన్నా సొంత గొంతు, దానికి డబ్బింగ్ ఏంటి?

పార్శిల్ విప్పేటప్పుడు మొదటి కత్తెర వేటు నుంచి వీడియో తీయండి. డిస్కు తిప్పి వెలుతురులో పట్టుకోండి. ఫ్యాక్టరీలో అచ్చువేసినది వెండి రంగులోనో, రెండు పొరలదైతే కాస్త బంగారు ఛాయలోనో ఉంటుంది. ఊదా రంగు కొడితే ఎవరో ఇంట్లో కంప్యూటర్‌లో కాపీ చేసింది. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న రింగులో సన్నటి అక్షరాల్లో, డిస్కు ఏ ఫ్యాక్టరీదో తెలిపే ఐఎఫ్‌పీఐ కోడ్ వెతకండి. తర్వాత మొట్టమొదటి కార్టూన్ 'పుస్ గెట్స్ ద బూట్' పెట్టండి. అందులో పిల్లి పేరు జాస్పర్, టైటిల్లో హన్నా, బార్బెరా పేర్లు ఉండవు, నిర్మాత రుడాల్ఫ్ ఐసింగ్ పేరే ఉంటుంది. మా సెట్‌లో ఆ టైటిల్ కార్డే కోసేశారు.

విదేశాల నుంచి అసలు సెట్ తెప్పించుకునేవాళ్లు రీజియన్, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే నంబరు, చూసుకోవాలి. అమెరికా డీవీడీలు 1, మనది 5. రీజియన్ లాక్ ఉన్న ప్లేయర్‌లో ఆడవు. ఇది మోసం కాదు, కానీ డబ్బు పోవడం మాత్రం ఒకటే.

ఇప్పటికే కొనేసినవాళ్లు రిటర్న్ గడువు లోపలే, "డిస్కు పనిచేయట్లేదు" అని కాకుండా "నకిలీ సరుకు" అని కారణం పెట్టండి. లేకపోతే అదే రకం ఇంకో డిస్కు పంపి చేతులు దులుపుకుంటారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే వీడియో, ఊదా రంగు డిస్కు ఫొటో, బిల్లు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.