జుకర్ ఎలుకా, కొలెట్‌స్కీ ఎలుకా?

రెండూ ప్రయోగశాలల్లో ఊబకాయం మీద పరిశోధనకి వాడే ఎలుక రకాలు. రెండూ బొద్దుగానే ఉంటాయి, రెండిట్లోనూ పాడైంది లెప్టిన్ రిసెప్టర్ జన్యువే, అలాగని ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తే మాత్రం చిక్కే.

లెప్టిన్ అంటే కొవ్వు కణాలు మెదడుకి పంపే కబురు, "నిల్వలు చాలినన్ని ఉన్నాయి, ఇక తినడం తగ్గించు" అని. ఆ కబురు అందుకునేది రిసెప్టర్. జుకర్ ఎలుకలో (1961 నాటిది) ఆ ప్రొటీన్‌లో 269వ స్థానంలో గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్ గొలుసులో ఒక పూస) ఉండాల్సిన చోట ప్రోలిన్ అనే ఇంకోటి వచ్చి కూర్చుంది. జన్యువులో ఒక్క అక్షరం తేడా, అంతే! రిసెప్టర్ తయారవుతుంది కానీ కణం పైపొర మీదకి సరిగ్గా చేరదు, చేరిన కొద్దిపాటిదీ అరకొరగా పనిచేస్తుంది. తలుపు గంట ఉంది, మోగీ మోగనట్టు మోగుతుందన్నమాట.

కొలెట్‌స్కీలో ఆ మాత్రం కూడా లేదు. 763వ స్థానంలో స్టాప్ గుర్తు పడింది, సరిగ్గా పొరలో దిగాల్సిన భాగానికి ముందే ప్రొటీన్ తెగిపోతుంది, కాబట్టి లెప్టిన్ ఎంత ఇచ్చినా వినేవాళ్ళే లేరు. పైగా దీని పూర్వీకుల్లో బీపీ ఎక్కువుండే ఎలుకలున్నాయి, అది కూడా వారసత్వంగా వచ్చింది.

నన్నడిగితే, లెప్టిన్ సిగ్నల్ లేకుండా ఫలానా మందు పనిచేస్తుందా అని తేల్చాలంటే కొలెట్‌స్కీనే నయం, జుకర్‌లో ఆ మిగిలిన కాస్త సిగ్నల్ అనుమానం వదలదు. ఊబకాయం, ఇన్సులిన్ మొండితనం (ఇన్సులిన్ ఉన్నా శరీరం దాని మాట సరిగ్గా వినకపోవడం) చూడ్డానికైతే జుకర్ చాలు, కొలెట్‌స్కీలో అంతగా బీపీ గొడవ మధ్యలో దూరదు.