సర్వర్ గదిలో వేరు కాపురమా, ఉమ్మడి కాపురమా?

పాత సర్వర్లకు వారంటీ అయిపోయిందంటే చాలు, ఐటీ మేనేజర్ టేబుల్ మీదికి మూడు రకాల కొటేషన్లు వస్తాయి. సర్వర్లు, స్టోరేజ్, స్విచ్‌లు విడివిడిగా కొనడం ఒకటి. ఆ మూడింటినీ ఒకే సెట్‌గా కలిపి కొనే కన్వర్జ్‌డ్ రెండోది. హైపర్ కన్వర్జ్‌డ్, అంటే అందరూ హెచ్‌సీఐ అని పిలిచేది మూడోది.

విడిగా కొంటే ఎవరి దగ్గర ఏది బాగుంటే అది తీసుకోవచ్చు, బేరమూ గట్టిగా ఆడొచ్చు. అసలు టెన్షన్ అప్లికేషన్ నెమ్మదించిన రోజు మొదలవుతుంది. సర్వర్ కంపెనీ స్టోరేజ్ వైపు చూపిస్తుంది, స్టోరేజ్ వాళ్లు స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) పాతదంటారు. మూడు సపోర్ట్ టికెట్లు తెరిచి మధ్యలో మనం నలగాలి.

ఆ తలనొప్పికి మందుగా వచ్చిందే కన్వర్జ్‌డ్. స్విచ్‌ల కంపెనీ సిస్కో, స్టోరేజ్ కంపెనీ ఈఎంసీ 2009లో, ఒకే సర్వర్‌ను చాలా సర్వర్లలా నడిపే సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్‌ను కూడా కలుపుకొని తెచ్చిన వీబ్లాక్, 2010లో సిస్కో, నెట్‌యాప్‌ల ఫ్లెక్స్‌పాడ్ ఈ కోవలోవే. లోపల ఉండేవి అవే సర్వర్లు, స్టోరేజ్, స్విచ్‌లు, కాకపోతే ఏది దేనితో పొసగుతుందో ముందే పరీక్షించి ఇస్తారు. పెద్ద బ్యాంకులకు సరే, నాలుగైదు సర్వర్ల ఆఫీసుకు మాత్రం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

హెచ్‌సీఐలో విడి స్టోరేజ్ పెట్టె ఉండదు. సర్వర్లలోని డిస్కులన్నిటినీ సాఫ్ట్‌వేర్ కలిపి ఒకే స్టోరేజ్‌గా చూపిస్తుంది. న్యుటానిక్స్ చేసేది ఇదే, వీఎంవేర్ వీశాన్ చేసేదీ ఇదే. విడిగా స్టోరేజ్ నిపుణుడు అక్కర్లేదు, అప్‌డేట్లు ఒకే స్క్రీన్ నుంచి నడుస్తాయి. ఇద్దరు ముగ్గురున్న ఐటీ టీమ్‌కి ఇది చిన్న సుఖం కాదు.

అయితే లెక్క జాగ్రత్తగా చూడాలి. హెచ్‌సీఐలో ఒక్కో సర్వర్‌ను నోడ్ అంటారు. ఒక్కోదానిలో 10 టీబీ ఉన్న మూడు నోడ్లు కొన్నామనుకోండి. కొటేషన్లో 30 టీబీ అని కనిపిస్తుంది. ప్రతి డేటాకూ రెండు కాపీలు ఉంచాలి కాబట్టి అది 15 అవుతుంది. ఒక నోడ్ పోయినా మిగతా రెండింటిలో మళ్లీ రెండేసి కాపీలు పట్టాలంటే నింపగలిగేది 10 మాత్రమే. డేటాను కుదించి దాచే కంప్రెషన్ కొంత కలిసొస్తుంది గానీ, స్కాన్ ఇమేజీలు, వీడియోల్లాంటి వాటికి దాన్ని పెద్దగా నమ్ముకోకండి.

ఇంకో చిక్కు, ఉమ్మడి కాపురంలో ఉండేదే: ఒక్కరికి అవసరమైనా అందరికీ కొనాలి. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు, ఎంఆర్ఐలు ఏటేటా పేరుకుపోతాయి, ప్రాసెసర్ పని అంతగా పెరగదు. అక్కడ డిస్కు చాలక మామూలు నోడ్ కలిపితే ప్రాసెసర్ కోర్లూ వచ్చిపడతాయి. కోర్ల లెక్కన లైసెన్స్ కట్టే సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ బిల్లూ పెరుగుతుంది. స్టోరేజ్ కోసమే ఉండే నోడ్లు కొన్ని కంపెనీలు ఇస్తాయి, అడగాలి.

చిప్‌ల కంపెనీ బ్రాడ్‌కామ్ 2023 నవంబర్‌లో వీఎంవేర్‌ను కొన్నాక, ఒకసారి కొంటే శాశ్వతంగా ఉండే లైసెన్సుల అమ్మకం ఆపేసి సబ్‌స్క్రిప్షన్ పెట్టింది. హెచ్‌సీఐలో స్టోరేజ్ కూడా సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉంటుంది కనుక, ధర పెరిగినప్పుడు బయటపడటం విడి స్టోరేజ్ ఉన్నవాళ్ల కంటే కష్టం.

నన్నడిగితే బిల్లింగ్, ఈఆర్పీ, ఫైల్ సర్వర్ అన్నీ కాస్త కాస్త పెరిగే కంపెనీకి, శాఖా కార్యాలయాలకు హెచ్‌సీఐయే మేలు. ఆ ఆసుపత్రికి మాత్రం సర్వర్లు వేరు, స్టోరేజ్ వేరు. హెచ్‌సీఐ వైపే మొగ్గితే, సంతకం పెట్టేముందు నాలుగో నోడ్ ధర, మూడేళ్ల తర్వాతి రెన్యువల్ ధర అదే కొటేషన్లో రాయించుకోండి. మొదటి ఆర్డర్ చేతిలో పడకముందు ఇచ్చే డిస్కౌంట్ తర్వాత ఎవరూ ఇవ్వరు.