గోడ మీద సర్టిఫికెట్ చూసి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనకండి బాబూ, జాగ్రత్త!

మందుల వ్యాపారం చేసే అన్నదమ్ములంతా ఒక్క నిమిషం ఆగి చదవండి. ద్వారకానగర్‌లో మెట్లెక్కితే రెండో ఫ్లోర్‌లో ఉండే ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడు మీలో సగం మందికి తెలుసు. పేరు రాయను, రాస్తే కోర్టు అంటాడు. ఇప్పటికే డబ్బూ పోయింది, ఓపికా పోయింది.

నాది గాజువాకలో చిన్న హోల్‌సేల్. పోయినేడు 38 వేలు పోసి కొన్నాను. డెమో రోజు గోడ మీదున్న ఫ్రేము చూపించి, "ఐఎస్‌ఓ 9001 సార్. బయటి ఏజెన్సీ వచ్చి టెస్ట్ చేసి ఇచ్చింది. మా సరుకు మేమే పొగుడుకోవడం కాదు" అన్నాడు. తలూపాను. ఫోన్లో దాని ఫొటో కూడా తీసుకున్నాను, ఎందుకో మరి! గ్రాము బంగారం కొన్నా హాల్‌మార్క్ తిప్పి తిప్పి చూసేవాణ్ణి, ఇక్కడ ఫ్రేముకున్న బంగారు రంగుకే పడిపోయాను.

సెప్టెంబర్ 22న మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5కి దిగింది కదా. వీళ్లు ముందురోజు రాత్రే అప్‌డేట్ పంపారు. కొత్త బిల్లులు 5తోనే వచ్చాయి, హమ్మయ్య అనుకున్నాను. తీరా చూస్తే 1 నుంచి 21 వరకు కొట్టిన పాత బిల్లులకీ అదే 5 అంటుకుంది. అది తెలియక అక్టోబర్ 11న జీఎస్టీఆర్-1, అంటే నెల అమ్మకాల రిటర్న్, వేసేశాం. 14న 2బీ, అంటే కొన్నవాళ్లకి తమ పన్ను క్రెడిట్ ఎంతో చూపించే లెక్క, వచ్చింది, 15 పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు. మొదట అనకాపల్లి షాపాయన. "ఏటి గురూ, నా దగ్గర పన్నెండు లెక్కన వసూలు చేసి గవర్నమెంటుకి అయిదే చూపించావు? మిగతాది నీ జేబులోకా?" ఇన్నేళ్ల వ్యాపారంలో అలాంటి మాట పడలేదు నేను.

ఫైల్లోంచి 9వ తారీఖు బిల్లు కాపీ తీశాను. పదివేల సరుకు, పన్ను 1,200. అదే నంబరు కంప్యూటర్లో తెరిస్తే పన్ను 500. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. 500.

రెండూ పట్టుకుని ద్వారకానగర్ వెళ్లాను. గంటన్నర కూర్చోబెట్టారు. వాడొచ్చాక కాగితాలు ముట్టుకోనైనా ముట్టుకోకుండా "రేటు ఎప్పట్నుంచి అన్న తేదీ మీరే పెట్టుకోవాలి సార్" అన్నాడు. అలాంటి గడి ఉందని ఎప్పుడు చెప్పావయ్యా అంటే, అప్‌డేట్ నోట్స్‌లో ఉందట. నాకు మండి, ఫ్రేము వైపు వేలు చూపించి "మరి అదేటి? టెస్ట్ చేసి ఇచ్చారన్నావు కదా" అన్నాను. నవ్వాడండీ! "అది మా కంపెనీకి వచ్చిన సర్టిఫికెట్ సార్. సాఫ్ట్‌వేర్‌కి అని నేనెప్పుడైనా అన్నానా?" అదే కుర్చీ, అదే గోడ, అదే నోరు. పక్కన టీ తాగుతున్న కుర్రాడు తల దించుకున్నాడు గానీ వీడి కంటి రెప్ప కూడా వాలలేదు.

కడుపుమంట ఏంటంటే, వాడు రెండోసారి చెప్పిందే నిజం. మధురవాడలో టెస్టింగ్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు రాత్రి ఫోన్లో విడమరిచాడు. 9001 అనేది కంపెనీ పనిచేసే పద్ధతికి ఇచ్చేది, అమ్మే సరుకుకి కాదు. అది కూడా ఐఎస్‌ఓ ఇవ్వదట. ఐఎస్‌ఓ ప్రమాణం రాస్తుందంతే, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ వేరు, దానికి ఎన్‌ఏబీసీబీ (అలాంటి సంస్థలకి గుర్తింపునిచ్చే బోర్డు) లాంటి వాళ్ల గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. నా ఫొటో పెద్దది చేసి చూస్తే అలాంటి గుర్తు ఒక్కటీ లేదు. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌కి వేరే ప్రమాణం ఉంది, ఐఎస్‌ఓ/ఐఈసీ 25051. కేంద్ర ఐటీ శాఖ కింద ఎస్‌టీక్యూసీ ల్యాబులు సాఫ్ట్‌వేర్‌నే పరీక్షించి రిపోర్టు ఇస్తాయి. ఆ రిపోర్టు అయినా పరీక్షించిన వెర్షన్‌ వరకే, తర్వాత వచ్చే అప్‌డేట్‌కి పూచీ కాదు. "కొనేముందు ఒక్క ఫోన్ చేసుంటే బావుండేది మామయ్యా" అన్నాడు. చెయ్యలేదురా. నాకే అన్నీ తెలుసనుకున్నాను.

ఆడిటర్ గారు జీఎస్టీఆర్-1ఏ అనే సవరణ ఫారం వేసి సర్దారు, ఆయన ఫీజు వేరే. షాపుల వాళ్లకి ఆ క్రెడిట్ వచ్చే నెల గానీ కనిపించదు, అందాకా ఆ తేడా నా పేమెంట్లలో ఆపుకున్నారు. వాళ్లననడానికి లేదు. నష్టం సంగతి అడిగితే సాఫ్ట్‌వేర్ మహానుభావులు లైసెన్స్ కాగితం తీశారు. లెక్కల్లో తేడాకి మాకు బాధ్యత లేదని రాసుంది, కింద నా సంతకం. పోనీలే పాపం అని వచ్చే ఏడాది ఏఎంసీలో, అంటే ఏటా కట్టే మెయింటెనెన్స్ డబ్బులో, పది శాతం తగ్గిస్తారట!

కొనేవాళ్లు సర్టిఫికెట్ కాపీ అడిగి, స్కోప్ అన్నచోట, అంటే అది దేనికి ఇచ్చారో చెప్పే చోట, ఏం రాసుందో చదవండి. టెస్ట్ రిపోర్టు ఉందంటే ఏ వెర్షన్‌దో అడగండి. రేటు మారిన రోజు పాత బిల్లు ఒకటి తెరిచి చూడండి, అర నిమిషం పని. కాగితం కాపీలు మాత్రం పారేయకండి, ఈ పూట నా మాట నిలబెట్టింది అవే. వాటిని చూసి ఇంకా 140 బిల్లులు సిస్టమ్‌లో సరిచెయ్యాలి. మా ఆవిడ చదువుతోంది, నేను కొడుతున్నాను.