ఫ్లెక్స్ షాపులో హబ్ తీసేసి స్విచ్ పెట్టాం: టీపీ-లింక్ ఎస్‌జీ108 రివ్యూ

పాలకొల్లులో మాది ఫ్లెక్స్, డీటీపీ షాపు. డిజైన్ సిస్టంలు మూడు, ఫ్లెక్స్ మిషనుకి ఒకటి, బిల్లింగుకి ఒకటి, ఇవి కాక సీసీ కెమెరాల డీవీఆర్. అన్నీ డీటీపీ రోజుల నాటి 10 ఎంబీపీఎస్ (సెకనుకి 10 మెగాబిట్ల) హబ్ మీదే, అంటే సిస్టంలన్నిటినీ కేబుళ్లతో కలిపే డబ్బా మీదే నడిచేవి. మామూలు రోజుల్లో ఎలాగోలా గడిచిపోయేది, పెళ్లిళ్ల సీజనొస్తే మాత్రం నరకమే అండీ. ఇప్పుడు దాని స్థానంలో టీపీ-లింక్ వాళ్ల ఎనిమిది పోర్టుల గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) నెట్‌వర్క్ స్విచ్, టీఎల్-ఎస్‌జీ108 పెట్టాం. ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. కాకపోతే గిగాబిట్ కాబట్టి స్పీడు అని మాత్రమే అనుకోకండి, అసలు సంగతి వేరే ఉంది.

హబ్‌కి బుర్ర ఉండదు. ఒక పోర్టులో ఏం వచ్చినా మిగతా పోర్టులన్నిటికీ పంపేస్తుంది, గుడి మైకులో ఒకరిని పిలిస్తే ఊరంతా విన్నట్టు. బిల్లింగు నుంచి డిజైన్ సిస్టంకి వెళ్లే ఫైలు డీవీఆర్ దగ్గరకీ వెళ్తుంది, అది తనది కాదని చూసి వదిలేస్తుంది. ఆ 10 ఎంబీపీఎస్ కూడా ఒక్కో సిస్టంకి కాదు, అందరికీ కలిపి. ఒకరు పంపుతుంటే మిగతావాళ్లు ఆగాల్సిందే. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే రెండూ గుద్దుకుని పాడైపోతాయి, అప్పుడు ఎవరికి వారు కాసేపాగి మళ్లీ పంపాలి, 16 సార్లు ప్రయత్నించినా కుదరకపోతే నెట్‌వర్క్ కార్డు ఆ ఫ్రేమ్‌ని, అంటే ఆ డేటా ముక్కని వదిలేస్తుంది. మా హబ్ మీద కొలిజన్ (గుద్దుకోవడం) అని ఒక నారింజ రంగు లైటు ఉండేది. ఇద్దరు కుర్రాళ్లు ఒకేసారి ఫైలు సేవ్ కొడితే ఆ లైటు మిణుకుమనడం మానేసి అలా వెలుగుతూనే ఉండేది, ఇటు ఫ్లెక్స్ మిషను డేటా అందక మధ్యలో ఆగేది, ఆగినచోట పెళ్లికొడుకు మొహం మీద అడ్డంగా గీత! ఆ ఫ్లెక్స్ ఎవరికిస్తాం చెప్పండి?

స్విచ్ అలా కాదు. ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ 48 బిట్ల మ్యాక్ అడ్రస్, అంటే ఒక గుర్తింపు నంబరు ఉంటుంది, వచ్చే ప్రతి ఫ్రేమ్‌లోనూ పంపినవాడి అడ్రస్, అందుకోవాల్సినవాడి అడ్రస్ రెండూ ఉంటాయి. పంపినవాడి అడ్రస్ చూసి, ఈ సిస్టం ఫలానా పోర్టులో ఉందని స్విచ్ తన టేబుల్లో రాసుకుంటుంది. మనం ఏ సెట్టింగూ చెయ్యక్కర్లేదు. తర్వాత ఆ అడ్రస్‌కి ఏదొచ్చినా ఆ ఒక్క పోర్టుకే పంపుతుంది. తెలియని అడ్రస్ అయితే మాత్రం హబ్ లాగే అన్నిటికీ పంపి, జవాబొచ్చిన పోర్టుని గుర్తుపెట్టుకుంటుంది. అందరికీ అని పంపే బ్రాడ్‌కాస్ట్ ఇప్పటికీ అందరికీ వెళ్తుంది, అది తప్పదు. పైగా ఫుల్ డూప్లెక్స్, అంటే ఒకే కేబుల్లో పంపడం, అందుకోవడం ఒకేసారి జరుగుతాయి, గుద్దుకోవడమన్న మాటే ఉండదు. ఒక డిజైనర్ మిషనుకి ఫైలు పంపుతుంటే ఇంకొకడు బిల్లింగు సిస్టం నుంచి ఫొటోలు తెచ్చుకోవచ్చు, ఒకరి దారికి ఒకరు అడ్డురారు. అసలు సంగతి అన్నానే, ఇదే.

ఇలాంటి స్విచ్‌ని మొదట మార్కెట్లోకి తెచ్చింది 1990లో కల్పన అనే అమెరికా కంపెనీ, వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ పెట్టింది. 1994లో దాన్ని నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో కొనేసింది. ఈ పేర్లు మనవాళ్లలో ఎంతమందికి తెలుసు?

లెక్క చూడండి, ఒక ఎంబీ అంటే 8 మెగాబిట్లు. 400 ఎంబీ ఫ్లెక్స్ ఫైలు 10 ఎంబీపీఎస్ హబ్ మీద, ఇంకెవరూ వాడకపోయినా, ఐదు నిమిషాల పైనే పడుతుంది. గిగాబిట్‌లో కేబుల్ వరకైతే మూడు నాలుగు సెకన్లు, ఇక ఆలస్యమంతా హార్డ్ డిస్కుదే. అయితే ముగ్గురూ ఒకే సిస్టంలోకి ఒకేసారి సేవ్ కొడితే ఆ సిస్టంకి వెళ్లే కేబుల్ ఒకటే కదా, దాన్నే పంచుకోవాలి. ఎంత మంచి స్విచ్ పెట్టినా అక్కడ చేసేదేమీ లేదు.

కొనేముందు కేబుళ్లు చూసుకోండి. గిగాబిట్‌కి లోపలున్న నాలుగు జతల తీగలూ కావాలి, పాత రోజుల్లో చాలాచోట్ల రెండు జతలే క్రింప్ చేసి వదిలేసేవారు. మా బిల్లింగు కేబుల్ అలాంటిదే, విండోస్‌లో స్పీడు 100 ఎంబీపీఎస్ అనే చూపించింది, రెండు చివర్లా కొత్త కనెక్టర్లు కొట్టించాక 1 జీబీపీఎస్ వచ్చింది.

బాడీ ఇనుముది, ఫ్యాను లేదు. ఇంకు వాసన, దుమ్ము, మన డెల్టా ఉక్కపోత ఉండే షాపులో ఫ్యాను లేకపోవడమే మేలు. లోటుపాట్లంటే, ఇది అన్‌మేనేజ్డ్ రకం, అంటే సెట్టింగులు మార్చుకునే వీలుండదు, కస్టమర్ల వైఫైని మీ సిస్టంలకి దూరంగా ఉంచడానికి వీలాన్ (ఒకే స్విచ్‌లో నెట్‌వర్క్‌ని వేరువేరు భాగాలు చేసే ఏర్పాటు) కావాలంటే ఇందులో లేదు, ఎస్‌జీ108ఈ తీసుకోవాలి. ఒకే కేబుల్ రెండు చివర్లూ ఒకే స్విచ్‌లో గుచ్చకండి, బ్రాడ్‌కాస్ట్‌లు గిరగిరా తిరిగి షాపు మొత్తం నెట్‌వర్క్ పడిపోతుంది. వానాకాలం ఉరుములు మొదలైతే ఎడాప్టరుతో పాటు బయట కెమెరాల వైపు వెళ్లే కేబుల్ కూడా పీకేయండి, పిడుగు పడితే ఆ తీగలోంచి కూడా లోపలికొస్తుంది.